పగిలిన కట్టెల పొయ్యిని విప్పి కట్టిన అనుభవం

కందుకూరు దగ్గర పల్లెలో మా పెరటి వంటగదిలోని కట్టెల పొయ్యికి నోటి పైమూల నుంచి ఏటవాలుగా పగులు పడింది. రెండుసార్లు సిమెంటు పెట్టి మూయించాం. రెండుసార్లూ అదే చోట, అంతకుముందు కంటే వెడల్పుగా తెరుచుకుంది. ఈసారి మూయించే పని పెట్టుకోకుండా, సంక్రాంతి దాటాక మొత్తం విప్పి కట్టాం. నిప్పు తగిలే లోపలి వరసకీ బయటి గోడకీ మధ్య చోటు లేకపోతే, ఎవరు కట్టినా, దేనితో మూసినా ఆ పొయ్యి పగులుతూనే ఉంటుందని విప్పినప్పుడు అర్థమైంది. కింద రాసిన పనంతా ఆ చోటు కోసం చేసిందే.

ముందు కాలం సంగతి. మన నెల్లూరు, ప్రకాశం వైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ తేమలో మట్టిపని ఆరదు. మే నెలలో కడితే వడగాలికి పైపొర గంటల్లో ఎండి, లోపల పచ్చిగానే ఉండి, మట్టి బీటలు వారుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి.

పొయ్యి ఆర్పిన రోజే చెయ్యి పెట్టకూడదు. బూడిద కింద కణికలు రెండు మూడు రోజులు కూడా బతికే ఉంటాయి. బూడిదంతా మూత ఉన్న ఇనప బకెట్లోకి ఎత్తి, వరివామికీ కట్టెల మోపులకీ దూరంగా నేల మీద పెట్టాం. ప్లాస్టిక్ తట్టలోకి ఎత్తి పశువుల పాక పక్కన పెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. అగ్గి పుట్టడానికి అంతకంటే సులువైన దారి ఉండదు.

మూడో రోజు రాత్రి చీకట్లో టార్చిలైటు పొయ్యి గుంటలో పెట్టి, చుట్టూ తిరిగి బయటి నుంచి చూశాం. పగలు మామూలు గీతల్లా కనిపించినవాటిలో రెండింటి గుండా వెలుతురు బయటికి వచ్చింది. వెలుతురు వచ్చే సందు గుండా నిప్పురవ్వా వస్తుంది, పొగా వస్తుంది. తర్వాత పొగగొట్టం పైమూతిని తడి గోనెతో మూసి, గుంటలో గుప్పెడు తడిగడ్డి రాజేసి, పొయ్యి నోటికి రేకు అడ్డం పెట్టాం. గొట్టం అతుకు దగ్గరా, గోడలోకి దూరే చోటా పొగ చిమ్మింది. ఈ పరీక్ష చేసేటప్పుడు తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి, మనుషులు బయటే ఉండాలి. పొగతో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు.

పగులు ఎంత ప్రమాదమో తేల్చడానికి వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, అది కదులుతోందా లేదా చూడాలి. పగులుకి అటూ ఇటూ రెండు పెన్సిల్ చుక్కలు పెట్టి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంటసేపు మంట వేశాక మరోసారి వాటి మధ్య దూరం కొలవాలి. తేడా లేకపోతే అది చచ్చిన పగులు, పూడిస్తే సరిపోతుంది. మా పొయ్యికి చల్లగా ఉన్నప్పుడు 2 మిల్లీమీటర్లున్న పగులు వేడెక్కాక 4 అయింది. కదిలే పగులుని పూడిస్తే, ఆ పూడ్చిందే మేకులా అడ్డం పడి పక్క ఇటుకని పగలగొడుతుంది. చేత్తో నొక్కితే ఇటుక ఊగినా, వెనక గోడ బయటికి ఒరిగినా ఇక కొలవక్కర్లేదు, విప్పాల్సిందే.

విప్పినప్పుడు మూడు తప్పులు కనిపించాయి. మొదటిది, నిప్పు తగిలే ఇటుకలకీ బయటి గోడకీ మధ్య సందంతా సిమెంటు మాలుతో నింపేసి ఉంది. లోపలి ఇటుక వందల డిగ్రీలకి వేడెక్కి సాగుతుంది, బయటిది చెయ్యి వెయ్యగలిగినంత వేడిలోనే ఉంటుంది. రెండూ ఒక్కటిగా అతికితే సాగే ఇటుక సాగని గోడని తోస్తుంది, బలహీనమైన చోట పగులుతుంది. పొయ్యి నోటి పైమూల ఎప్పుడూ అలాంటి చోటే. రెండోది, నోటి మీద పెట్టిన ఇనప యాంగిల్‌ని (ఎల్ ఆకారపు పట్టీని) రెండు కొసలా ఇటుకల్లో బిగించేశారు. 15 అంగుళాల ఇనుము 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ దానికి దారి లేకపోతే గోడని చీల్చుకుని దారి చేసుకుంటుంది. పగులు మొదలైంది సరిగ్గా ఆ యాంగిల్ కొస దగ్గరే.

మూడోది మన అలవాటు. వంట అయ్యాక బొగ్గులు మిగుల్చుకోవడానికి పొయ్యిలోనే నీళ్లు చల్లుతాం. మండుతున్న ఇటుక మీద చన్నీళ్లు పడితే పైపొర ఒక్కసారిగా ముడుచుకుని పెచ్చులు లేస్తుంది. గుంట అడుగున ఇటుకలన్నీ అలా పెచ్చులూడినవే. కట్టెలు బయటికి లాగి, ఇసుక మీద ఆర్పుకోవాలి.

"సిమెంటు లేకుండా నిలవదన్నా" అన్నాడు మేస్త్రి. మాటలతో తేలే విషయం కాదు కాబట్టి, పాత పొయ్యిలో ఊడిన సిమెంటు ముక్క ఒకటి పక్కన గాడిపొయ్యి నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చల్లారాక తడిపి పెట్టాం. మర్నాటికి వేళ్లతో నలిపితే పొడి అయింది. సిమెంటు గట్టిపడినప్పుడు లోపల సున్నం ఏర్పడుతుంది, 400 నుంచి 500 డిగ్రీల మధ్య ఆ సున్నంలోని నీరు వెళ్లిపోతుంది. తర్వాత తేమ తగలగానే మళ్లీ నీరు పీల్చి ఉబ్బి, మాలునంతా చిట్లగొడుతుంది. అందుకే నిప్పు పక్కన సిమెంటు మొదటి నెల గట్టిగా ఉండి, వానాకాలం రాగానే రాలుతుంది. పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే గది) పొయ్యిలు కట్టిన మేస్త్రి దొరికితే ఇదంతా చెప్పాల్సిన పనే ఉండదు, వాళ్లకి మట్టిమాలు చేతిలో పనే.

రాయి విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఇంట్లో మిగిలిన కడప బండ గానీ, చీమకుర్తి గ్రానైటు ముక్క గానీ గుంట అడుగున పరిస్తే సరిపోతుందనిపిస్తుంది. కడప బండ సున్నపురాయి, పైగా పొరల రాయి. పొరల మధ్య తేమ ఆవిరై పెళ్లుమని పగులుతుంది, ముక్కలు కంట్లోకి ఎగురుతాయి. మార్కాపురం పలకరాయీ పొరలదే. గ్రానైటు ఒకవైపే వేడెక్కితే నిలువునా చీలుతుంది. అరుగు మీద, పొయ్యి చుట్టూ వాడుకోవచ్చు గానీ మంట తగిలే చోటికి ఇవేవీ పనికిరావు.

గుంటకి ఫైర్ బ్రిక్కులు, అంటే ఎక్కువ వేడిని తట్టుకునే ఇటుకలు తెచ్చాం. 230, 115, 75 మిల్లీమీటర్ల కొలత, ఒక్కోటి దాదాపు 4 కిలోలు. దుకాణంలో ఐఎస్ 6, ఐఎస్ 8 అని రెండు రకాలు చెబుతారు. రెండోది బట్టీల్లో ఎక్కువ వేడికి, ఇంటి పొయ్యికి మొదటిదే ఎక్కువ. మా గుంట లోపలి కొలత 9 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు, 9 అంగుళాల ఎత్తు. అడుగుకి 8, పక్క గోడలకి 8, వెనక 2, మొత్తం 18 ఇటుకలు పట్టాయి. కోతల్లో పగిలేవి ఉంటాయి కాబట్టి 22 తెచ్చుకోవడం మంచిది. అతకడానికి ఫైర్ క్లే (వేడిని తట్టుకునే బంకమట్టి) మాలు 10 కిలోల లోపే పట్టింది. బయటి గోడకి మామూలు ఇటుకలు సుమారు 40, ఒక యాంగిల్ ముక్క, 6 మిల్లీమీటర్ల మందం ఇనప ప్లేటు, రైసుమిల్లు నుంచి రెండు గోనెల ఊక బూడిద. నెల్లూరు వైపు ఊక బూడిదకి కొదవ లేదు. అందులో ఎక్కువ భాగం సిలికా, నిప్పుకి మాడదు, వేడిని బయటికి పోనివ్వదు. దుమ్ము మాత్రం ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. మాస్కు కట్టుకుని, కాస్త నీళ్లు చిలకరించి ఎత్తాలి.

బయటి గోడ మట్టిమాలుకి పుట్టమన్ను వాడాం. నల్లరేగడి వద్దే వద్దు, తడికి ఉబ్బి ఎండకి చీలే మట్టి అది. పుట్టమన్ను కూడా బతికున్న పుట్టని తవ్వి తేనక్కర్లేదు, వదిలేసిన పుట్టలు చేలగట్ల మీద దొరుకుతాయి. మట్టిని మూడు రోజులు నానబెట్టి, తొక్కి, 12 అంగుళాల పొడవున్న చెక్క అచ్చులో నింపి నీడలో ఆరబెట్టాం. ఎండేసరికి ముప్పావు అంగుళం కుంచించుకుపోయింది. అంత కుంచించుకునే మట్టితో కడితే గోడంతా సందులే. సమానంగా పెన్నా ఇసుక కలిపి మళ్లీ అచ్చు పోస్తే పావు అంగుళానికి తగ్గింది. చివరికి పుట్టమన్ను 2 పాళ్లు, ఇసుక 2, ఊక 1 దగ్గర నిలిచింది. ప్రతి ఊరి మట్టీ వేరు, ఈ పాళ్లని అలాగే పట్టుకోకుండా అచ్చు పోసి చూసుకోవాలి. సముద్రపు ఇసుక ఎంత దగ్గర దొరికినా తేవద్దు. అందులో ఉప్పు తేమని లాగుతుంది, ఇనుముని తినేస్తుంది.

కట్టుబడి ఇలా సాగింది. అరుగు మీద 2 అంగుళాల మందం పొడి ఇసుక పరిచి, రసమట్టం పెట్టి చదును చేసి, అడుగు ఇటుకలు బల్లపరుపుగా పేర్చాం. వాటి మీద పక్క గోడల ఇటుకలు అంచు మీద నిలబెట్టి రెండు వరసలు. కింది వరస అతుకు మీద పై వరస అతుకు రాకుండా, పై వరసని సగం ఇటుకతో మొదలుపెట్టాలి. ఫైర్ క్లేని దోసెపిండి కంటే కాస్త చిక్కగా కలిపి, ఇటుకని ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, మాలు రాసి, చెక్కసుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. మామూలు ఇటుకలా నానబెట్టకూడదు, ఆ తడి తర్వాత ఆవిరై అతుకుని ఊడదీస్తుంది. అతుకు 2 నుంచి 3 మిల్లీమీటర్లు మించకూడదు. మామూలు ఫైర్ క్లే బట్టీ వేడికి గానీ రాయిలా గట్టిపడదు, ఇంటి పొయ్యిలో అది సందు నింపే మెత్తగానే ఉంటుంది. నిలబెట్టేది ఇటుకకి ఇటుక ఆనడమే. మేస్త్రి చేతికి అలవాటైన అర అంగుళం మాలు పెడితే నెలలో రాలిపోతుంది.

వెనక గోడ పై వరసలో నిండు ఇటుక బదులు రెండు ముక్కలు పెట్టి, వాటి మధ్య 4 అంగుళాల పొగగొట్టానికి దారి వదిలాం.

ఇక అసలు పని. లోపలి వరస చుట్టూ మూడు వైపులా ముప్పావు అంగుళం ఖాళీ వదిలి బయటి గోడ లేపాం. ఆ ఖాళీ సమానంగా ఉండడానికి అంతే మందం చెక్కపట్టీ నిలబెట్టి, గోడ లేచేకొద్దీ పైకి లాగాం. మట్టిమాలు లోపలికి జారితే అప్పుడప్పుడే పుల్లతో తీసేయాలి. రెండు చోట్ల గడ్డ కట్టి రెండు గోడలనీ కలిపితే చాలు, పడిన శ్రమంతా వృథా. గోడ పూర్తయ్యాక ఆ సందులో ఊక బూడిద పోసి, దట్టించకుండా సన్నకర్రతో కదిపి దించాం. లోపలి వరస సాగినప్పుడు ఆ బూడిద నలిగి చోటిస్తుంది. సందు పైభాగాన్ని మట్టితో పలచగా మూశాం.

యాంగిల్‌ని బయటి గోడ మూడో వరస మీద, రెండు వైపులా 3 అంగుళాల చొప్పున ఆన్చి పెట్టాం. నోరు 9 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు వచ్చింది. యాంగిల్ కొసలకి మందపాటి అట్టముక్క చుట్టి, చుట్టూ ఇటుక కట్టాం. మొదటి మంటలకి అట్ట కాలిపోయి, ఇనుము సాగడానికి 3 మిల్లీమీటర్ల సందు మిగిలింది. పై ప్లేటుని కూడా ఎక్కడా మాలుతో బిగించలేదు. గిన్నె కూర్చునే బెజ్జం కోసి, నాలుగు వైపులా 5 మిల్లీమీటర్లు వదిలి, పలచని మట్టి పొర మీద ఊరికే ఆన్చాం. పొగగొట్టం ఉన్న పొయ్యికి పొయ్యిగడ్డలు పెట్టకూడదు. గిన్నె కింద సందుంటే పొగ గొట్టంలోకి పోకుండా గదిలోకే వస్తుంది.

పాత గొట్టం ఆస్‌బెస్టాస్ సిమెంటుది. 1980ల్లో పొగరాని పొయ్యిల పథకం నాటి నుంచి ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఆ రకమే. దాన్ని కొయ్యకూడదు, పగలగొట్టకూడదు. ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ తేవచ్చు. బాగా తడిపి, నిండు ముక్కగానే దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టేశాం. దాని బదులు పొయ్యి దగ్గరి మొదటి 3 అడుగులూ ఎమ్మెస్ పైపు (పూత లేని మామూలు ఉక్కుది), ఆ పైన జీఐ పైపు (జింకు పూత వేసినది). జీఐ పైపుని మంట దగ్గరే పెడితే పైనున్న జింకు పూత కాలి, పీల్చకూడని పొగ వస్తుంది. గోడ దాటిన చోట టీ (ఇంగ్లీషు T ఆకారపు) అతుకు పెట్టి, దాని అడుగున మసి తీసుకోవడానికి మూత పెట్టించాం.

పైపుల అతుకు దగ్గర ఒక పొరపాటు జరిగింది, మళ్లీ విప్పాల్సి వచ్చింది. నీళ్ల గొట్టం అలవాటుతో కింది పైపుని పై పైపులోకి దూర్చారు. పొగలో ఉండే తారులాంటి జిడ్డు చల్లని చోట ద్రవంగా మారి కిందికి జారి, ఆ అతుకు గుండా బయటికి కారింది. వారంలో గోడ మీద నల్లని చారలు పడ్డాయి. ఆ జిడ్డు అంటుకునే సరుకు. పై పైపు కింది పైపులోకి దిగాలి, అప్పుడు జిడ్డు లోపల్లోపలే జారి మళ్లీ నిప్పులో పడుతుంది. కప్పు పైన ఆ అతుకులోకి వాన దిగకుండా చుట్టూ రేకు పట్టీ వెయ్యాలి.

అన్నిటికంటే భయపెట్టింది కప్పు దగ్గర. పాత గొట్టానికి 4 అంగుళాల దూరంలోనే సరుగుడు వాసం ఉంది. పైన నల్లగా ఉంటే మసి అనుకున్నాం, గోకితే అర అంగుళం లోతు బొగ్గు. ఏళ్ల తరబడి వేడి తగిలిన కలప మామూలు కలప కంటే చాలా తక్కువ వేడికే అంటుకుంటుంది. పొయ్యి ముందు పగులు అందరికీ కనిపిస్తుంది, కప్పు కింద వాసాన్ని ఎవరూ చూడరు. దాన్ని తీసేసి ఇనప పైపు వేశాం. ఒంటి పొర గొట్టానికీ కలపకీ మధ్య కనీసం 18 అంగుళాలు ఉండాలి. తాటాకు, పూరికప్పు అయితే కప్పు గుండా గొట్టం తీయనే వద్దు, గోడలో నుంచి బయటికి తీసి, చూరుకి బాగా దూరంగా లేపాలి. మా గొట్టం కప్పు కంటే 3 అడుగుల పైకి ఉంది. మీద టోపీకీ గొట్టం మూతికీ మధ్య 4 అంగుళాల సందు ఉంచాం, తక్కువైతే సాయంత్రం సముద్రపు గాలికి పొగ వెనక్కి తంతుంది.

కట్టాక 7 రోజులు నీడలో, తడి గోనె కప్పకుండా, నేరుగా ఎండ తగలకుండా ఆరనిచ్చాం. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా మంట వెయ్యకూడదు. మొదటి రోజు గుప్పెడు సన్నపుల్లలతో అరగంట, రెండో రోజు గంట, మూడో రోజు గంటన్నర, అలా 5 రోజులు. కొబ్బరిచిప్పలు, సర్కారు తుమ్మ ఈ 5 రోజులూ పనికిరావు, వాటి వేడి చాలా ఎక్కువ. రెండో రోజు బయటి గోడ మీద తడి మచ్చ పుట్టి, సన్నగా ఆవిరి వచ్చింది. వెంటనే మంట లాగేసి ఒక రోజు ఆగాం. లోపలి తేమకి బయటికి వచ్చే వ్యవధి ఇవ్వకపోతే ఆవిరే ఇటుకని పెచ్చులెత్తిస్తుంది. ఐదో రోజుకి బయటి పూత మీద వెంట్రుకవాసి గీతలు నాలుగైదు పడ్డాయి. అవి మట్టివి, నష్టం లేదు. పుట్టమన్ను, పేడ కలిపి అలికితే మూసుకుపోయాయి. మన పెద్దవాళ్లు పొయ్యిని చల్లగా ఉన్నప్పుడు అలికి ముగ్గుపెట్టడంలో ఈ మరమ్మతు కూడా ఉంది. అలికే చెయ్యికి కొత్త పగులు ఆరోజే తగులుతుంది.

విప్పేంత అవసరం లేని చచ్చిన పగులుకి చిన్న పని చాలు. ఉలితో పగులుని అర అంగుళం లోతుకి తవ్వి, పైన కంటే లోపల వెడల్పుగా ఉండేలా చెక్కి, దుమ్మంతా ఊది, తడిపి, ఫైర్ క్లేలో సన్నని ఇటుకపొడి కలిపి వేలితో గట్టిగా నొక్కాలి. నిప్పు వైపు ఇసుక కలపకూడదు. ఇసుకలోని పలుగురాయి 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది, అతుకు ఊడిపోతుంది. ఇటుకపొడి ఇదివరకే కాలింది కాబట్టి మంటకి మళ్లీ కుంచించుకుపోదు.

వాడకంలో మార్చుకున్నవి కొన్ని. పచ్చికట్టె తగ్గించాం, గొట్టంలో జిడ్డు పేరుకునేది దాని వల్లే. కొట్టిన కట్టెని చీల్చి, ఒక ఎండాకాలం పేర్చి ఉంచాక వాడుతున్నాం. ప్లాస్టిక్ కవర్లతో రాజేయడం మానేశాం. పీవీసీ లాంటి వాటిలోంచి వచ్చే ఆమ్లపు పొగకి కొత్త పైపు కూడా త్వరగా తూట్లు పడుతుంది. గ్యాసు సిలిండరు అదే గదిలో ఉండేది, ఇంట్లోకి మార్చాం. ఆ గ్యాసు గాలి కంటే బరువు, కారితే నేల మీద పాకి నేరుగా పొయ్యి నోటి దగ్గరికే వస్తుంది.

గొట్టం లోపల మసి 3 మిల్లీమీటర్ల మందం దాటితే తీసేయాలి. నెలకోసారి టీ మూత తీసి వేలితో గోకి చూస్తున్నాం. మొదటి మూడు నెలలకి పొడి మసి గుప్పెడు వచ్చింది, మెరిసే జిడ్డు పొర రాలేదు. మళ్లీ చీకట్లో టార్చిలైటు పెట్టి చూడ్డం వానాకాలానికి ముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి.